చెడ్డ కబురు ముందా, మంచి కబురు ముందా?



వ్యాపారంలో మనం రాసే ఉత్తరాలు, పంపే మెసేజీలు, చేసే ఫోన్ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. అందులోనూ ఒక్క విషయమే తీసుకుందాం. చెప్పవలసిన కబురులో మంచీ చెడూ రెండూ ఉంటే ఏది ముందు చెప్పాలి? ఉన్నదంతా చెడ్డ కబురే అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? వినడానికి చిన్న సంగతిలాగే ఉంటుంది. కానీ ఏళ్ళ తరబడి నమ్మకం మీద నడిచిన బేరాలు ఒక్క ఉత్తరంతో చెడిపోవడమూ, విరిగిపోతాయనుకున్న బేరాలు ఒక్క ఫోనుతో నిలబడడమూ వర్తకుల ఇళ్ళలో అందరూ ఎరిగినదే.

ఈ మాటలు చెప్పుకోవడానికి తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతం తగిన చోటు. తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వైపు వెళితే మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అక్కడ నేసిన లుంగీలు, చీరలు చెన్నైకీ వెళతాయి, ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటి తిరుపతి, చిత్తూరులకూ వెళతాయి. తిరువలంగాడు చుట్టుపక్కల చెరకు పండిస్తారు. తిరువళ్లూరు పక్కన కాక్కలూరు పారిశ్రామికవాడలో చిన్న కర్మాగారాలు చాలా ఉన్నాయి. చెన్నై నుంచి అరక్కోణం, తిరుత్తణి, పుత్తూరు మీదుగా రేణిగుంట వెళ్ళే రైలు మార్గం ఈ ఊళ్ళను కలుపుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అంగట్లో రెండూ మాట్లాడే జనం ఇక్కడ చాలామంది. ఉదయం నుంచి రాత్రి దాకా సరుకు గురించి, బాకీ గురించి, లారీ గురించి, కూలి గురించి సరిహద్దుకు ఇటూ అటూ కబుర్లు నడుస్తూనే ఉంటాయి.

ఈ ప్రాంతానికి ఇంకో అనుభవం కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగం. తిరుత్తణి తమిళ నేలే అని మ.పొ.శివజ్ఞానం వంటి వారు ఉద్యమం నడిపారు. పటాస్కర్ మధ్యవర్తిగా రెండు రాష్ట్రాలకూ ఒప్పందం కుదిరింది. 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగమూ, పళ్లిపట్టు ప్రాంతమూ మద్రాసు రాష్ట్రంలో చేరాయి. బదులుగా సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. కబురు ఒక్కటే. ఒక ఇంట్లో దాన్ని పండగలా విన్నారు. పక్కింట్లో దిగులుగా విన్నారు.

వ్యాపారంలో కబురు పంపేవాళ్ళు మొట్టమొదట గుర్తుపెట్టుకోవలసింది ఇదే. కబురు మంచిదా చెడ్డదా అన్నది తేల్చేది అందుకునే మనిషి. నూలు ధర పెరిగితే నూలు మిల్లుకు మంచి కబురు, మగ్గం యజమానికి చెడ్డ కబురు. మిల్లు వాళ్ళు ‘మార్కెట్ బాగా పుంజుకుంది’ అని సంతోషంగా ఉత్తరం మొదలుపెట్టి, రెండో పేరాలో కొత్త ధరలు రాస్తే, పళ్లిపట్టులో ఆ ఉత్తరం చదివే మనిషికి కడుపు మండుతుంది. కలం పట్టుకునే ముందు అవతలి మనిషి కుర్చీలో ఒక్క నిమిషం కూర్చోవాలి. ఇది విన్నాక ఆయనకు లాభమా, నష్టమా? విన్న వెంటనే ఆయన ఏం చేయాలి? చేయడానికి ఎంత సమయం ఉంది? ఈ మూడూ తెలిస్తే ఏది ముందు రాయాలో దాదాపు తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఊహించి చెబుతున్నదే. పళ్లిపట్టులో మగ్గాలున్న ఒకాయన తిరుపతిలో బట్టల దుకాణం యజమానికి సంక్రాంతికి 600 లుంగీలు ఇస్తానని ఒప్పుకున్నాడు. 400 తయారయ్యాయి. మిగిలిన 200 పండగలోపు కావు. అలాంటప్పుడు సాధారణంగా వెళ్ళే మెసేజీ ఇలా ఉంటుంది.

‘అన్నా, నమస్కారం. బాగున్నారా? ఇంట్లో అందరూ కుశలమా? మీ దయవల్ల మేమంతా బాగున్నాం. ఇన్నేళ్ళుగా మీరు మమ్మల్ని ఆదరిస్తున్నారు, మీ మేలు మరచిపోలేము. ఈసారి రంగులు చాలా బాగా వచ్చాయి, చూస్తే మీకే తెలుస్తుంది. 400 లుంగీలు రెడీగా ఉన్నాయి. ఈ మధ్య వానలు ఎక్కువైపోయాయి, కరెంటు కూడా సరిగ్గా ఉండడం లేదు, పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళారు. అందువల్ల మిగిలినవి కొంచెం అటూ ఇటూ కావచ్చు. మీరేమీ అనుకోవద్దు.’

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. మర్యాదకు లోటు లేదు. అయినా ఆ దుకాణం యజమానికి దీనివల్ల జరిగేది నష్టమే. ఆయన ఫోను తెర మీద మొదట కనిపించేది ‘అన్నా, నమస్కారం. బాగున్నారా?’ అన్నంత వరకే. కుశలమడిగే మెసేజీ కదా, సాయంత్రం చూద్దాంలే అనుకుంటాడు. సాయంత్రం చదివినా ‘కొంచెం అటూ ఇటూ’ అంటే రెండు రోజులో రెండు వారాలో తెలియదు. పండగ ముందు రోజు దాకా ఎదురుచూస్తాడు. అప్పుడు ఇంకొకరి దగ్గర కొనుక్కోవడానికి టైము ఉండదు. తనకు నష్టం వచ్చిందన్న బాధ కంటే, ముందే తెలిసి కూడా చెప్పలేదన్న బాధే ఎక్కువవుతుంది.

అదే కబురు ఇలా కూడా చెప్పవచ్చు.

‘అన్నా, నమస్కారం. మీ 600 లుంగీల్లో 200 పండగకు అందవు. జనవరి 20న అందుతాయి. 400 రెడీగా ఉన్నాయి, సోమవారం పార్సిల్ సర్వీసులో వేస్తాను. అద్దకానికి ఇచ్చిన నూలు వానలకు ఆరలేదు, అందుకే ఈ ఆలస్యం. పండక్కి సరుకు తప్పనిసరి అనుకుంటే నా దగ్గర వేరే రంగు గళ్ళ లుంగీలు 100 ఉన్నాయి, అదే ధరకు పంపుతాను. లేదా ఆ 200 వేరే చోట తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. రేపు మధ్యాహ్నంలోగా ఒక్క మాట చెప్పండి. ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి.’

ఇక్కడ నమస్కారం ఉంది, మన్నింపు ఉంది, మర్యాద ఎక్కడికీ పోలేదు. చెడ్డ మాట మొదటి వాక్యంలోనే వచ్చింది. దాని వెనకే తేదీ వచ్చింది. ఆ తర్వాత అందుతున్న సరుకు సంగతి, ఒక్క వాక్యంలో కారణం, రెండు దారులు, జవాబుకు గడువు. దుకాణం యజమానికి కోపం రావచ్చు. కానీ ఆ కోపంతోపాటు ఏం చేయాలో కూడా ఆయన చేతిలో ఉంది. వచ్చే ఏడాది ఆర్డరు ఎవరికి ఇవ్వాలా అని ఆలోచించినప్పుడు ఆయనకు గుర్తుండేది ఆ కోపం కాదు, మీరు చూపించిన దారే.

ఇప్పుడు కొందరు పెద్దలు ఒక ప్రశ్న వేయవచ్చు. కుశలం అడగకుండా నేరుగా విషయంలోకి దిగితే మొరటుగా ఉండదా అని. పాతకాలపు మన ఉత్తరాల్లో ముందు క్షేమ సమాచారాలు రాసి, ఆ తర్వాతే రాయదలచుకున్న సంగతి మొదలుపెట్టేవారు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనకుండా ‘లాభం’ అని లెక్క మొదలుపెట్టే అలవాటు మనది. శుభలేఖ నాలుగు మూలలా పసుపు పూస్తాం. మంచితో మొదలుపెట్టడం మన రక్తంలో ఉంది. అది మంచి అలవాటే, దాన్ని వదులుకోమని ఎవరూ చెప్పరు. కానీ ఆ ఉత్తరాలు వారానికొకటి వచ్చేవి, ఇంటిల్లిపాదీ కూర్చుని చివరిదాకా చదివించుకునేవారు. నేటి దుకాణదారుకు రోజుకు కొన్ని వందల మెసేజీలు వస్తాయి. నమస్కారం ఒక మాటలో చెప్పి, కుశలం చివరలో అడిగినా ఆప్యాయత తగ్గిపోదు.

మన పురాణాలు కూడా ఈ విషయంలో నాన్చమని చెప్పలేదు. లంక నుంచి తిరిగివచ్చిన హనుమంతుడు రాముడికి విన్నవించేటప్పుడు, చూశాననే మాటనే ముందు పెట్టాడని ఈ ప్రాంతంలో కంబ రామాయణం చెప్పే తమిళ పెద్దలూ, హరికథలు చెప్పే తెలుగు వాళ్ళూ ఎంతో మురిపెంగా వివరిస్తారు. సీత పేరుతో మొదలుపెడితే తర్వాత ఏ మాట వస్తుందోనని రాముడు ఆ ఒక్క క్షణం కూడా తల్లడిల్లకూడదని ఆ దూత ఆలోచన. మంచి కబురుకు అదే పద్ధతి. మీ ఆర్డరు ఖాయమైంది, మీ డబ్బు జమైంది, మీ లోను మంజూరైంది అన్న మాట మొదటి వాక్యంలో ఉండాలి.

మరి చెడ్డ కబురుకు? భారతంలో సంజయుణ్ణి చూడండి. పది రోజుల యుద్ధం అయ్యాక ధృతరాష్ట్రుడి దగ్గరకు వచ్చి, భీష్ముడు పడిపోయాడన్న మాటే ముందు చెప్పాడు. అది విని రాజు కుమిలిపోయి, ఎలా జరిగిందో చెప్పమని అడిగాక, మొదటి రోజు నుంచి యుద్ధమంతా వివరించాడు. వినేవాడు కళ్ళులేని ముసలి రాజు, చనిపోబోతున్నది ఆ వంశానికే పెద్దదిక్కు. అయినా సంజయుడు పది రోజుల కథ చెప్పి చివరలో ఆ మాట అనలేదు. ముందు జరిగింది చెప్పి, తర్వాత ఎలా జరిగిందో చెప్పాడు. వ్యాపార ఉత్తరానికి కూడా ఇంతకంటే మంచి వరస లేదు.

ఇప్పుడు పరిశోధకులు ఏమంటున్నారో చూద్దాం. వ్యాపార ఉత్తరాలు నేర్పే పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఒక సూత్రం చెబుతూ వచ్చాయి. మంచి కబురైతే నేరుగా చెప్పండి. చెడ్డ కబురైతే ముందు ఒక మెత్తని మాట, తర్వాత కారణాలు, ఆ తర్వాత చెడ్డ మాట, చివర మళ్ళీ ఒక తీపి మాట అని. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన కిట్టీ లాకర్ ఈ సూత్రాన్ని పరీక్షకు పెట్టి 1999లో ఫలితాలు ప్రచురించారు. అప్పు ఇవ్వలేమనే ఉత్తరాలు, చదువులో సీటు ఇవ్వలేమనే ఉత్తరాలు తయారుచేసి విద్యార్థులకు చదివించారు. మొదట్లో మెత్తని మాట ఉన్నా లేకపోయినా చదివినవాళ్ళ స్పందనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చివర్లో మళ్ళీ మా దగ్గరికే రండి అని గట్టిగా ఊదరగొడితే మాత్రం అది ఎదురుతిరిగింది.

2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ శాఖకు చెందిన ఏంజెలా లెగ్, కేట్ స్వీనీ ఇంకో అధ్యయనం ప్రచురించారు. మంచీ చెడూ రెండూ ఉన్నప్పుడు ఏది ముందు కావాలి అని అడిగితే, వినేవాళ్ళలో ఎక్కువమంది చెడు ముందు చెప్పమన్నారు. చెప్పేవాళ్ళు మాత్రం మంచి ముందు చెప్పడానికే మొగ్గు చూపారు. అంటే మంచి ముందు చెప్పడంలో మనం కాపాడుకుంటున్నది చాలాసార్లు మన సుఖాన్నే. వినేవాడు ఆ మంచి వింటున్నంతసేపూ, ‘కానీ’ అనే మాట ఎప్పుడు పడుతుందా అని బిక్కుబిక్కుమంటూ ఉంటాడు.

అదే అధ్యయనం ఇంకో సంగతి కూడా చెప్పింది. చెడు చివరలో విన్నవాళ్ళకు దిగులు ఎక్కువ ఉంటుంది, కానీ తమ పద్ధతి మార్చుకుందామన్న ఆలోచన కూడా ఎక్కువగానే ఉంటుంది. ఇది మనకు పనికొచ్చే మాట. జరిగిపోయినదాని గురించి చెప్పేటప్పుడు చెడు ముందు చెప్పి, ఊరట తర్వాత ఇవ్వాలి. ఒక మనిషి పని దిద్దాలనుకుంటే వరస మార్చవచ్చు. మగ్గం మీద పనిచేసే కుర్రాడికి, ‘నీ చేతిలో వేగం ఉంది, అంచు బాగా వస్తోంది, అయితే పేక తెగినచోట వదిలేస్తున్నావు, ఈ వారం అది సరిచెయ్యి’ అని చెబితే, వాడు ఇంటికి వెళ్ళేటప్పుడు సరిచేయవలసిన పనే మనసులో ఉంటుంది. తప్పును రెండు పొగడ్తల మధ్య పెట్టి చెబితే వాడికి పొగడ్తలే గుర్తుంటాయి, పేక తెగుతూనే ఉంటుంది.

ఇక ఎవరైనా అడిగినదాన్ని కాదనవలసి వచ్చే ఉత్తరాలు. ఇవే అన్నిటికంటే కష్టం. పాత ఖాతాదారు ఇంకో 2 నెలలు అరువు అడిగాడు, ఇవ్వలేము. బంధువుల అబ్బాయి ఉద్యోగం అడిగాడు, ఖాళీ లేదు. ఇక్కడ ఒక్క వాక్యంలో కారణం ముందు చెప్పి, వెంటనే కాదనడం మంచిది. ఎందుకంటే కాదన్న మాట ముందు వింటే, తనను చిన్నచూపు చూశారేమోనన్న అనుమానం వస్తుంది. ‘ఈ ఏడాది మాకు నూలు మిల్లు వాళ్ళు అరువు ఆపేశారు, అందువల్ల మేము కూడా ఎవరికీ 30 రోజులు దాటి అరువు ఇవ్వలేకపోతున్నాం’ అంటే అది తన ఒక్కడి మీద పెట్టిన నియమం కాదని ఆయనకు అర్థమవుతుంది. కానీ కారణం రెండు వాక్యాలు దాటకూడదు. దాటితే అది సాకులా వినబడుతుంది.

కాదనే ఉత్తరం ఎలా ఉండాలో మన చట్టమే ఒకచోట చక్కగా చెప్పింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం అధికారి దరఖాస్తును తిరస్కరిస్తే మూడు సంగతులు తెలియజేయాలి. ఎందుకు తిరస్కరించారు, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఆ అప్పీలు ఎవరికి చేసుకోవాలి. బ్యాంకుల విషయంలోనూ రిజర్వు బ్యాంకు న్యాయమైన ఆచరణ నియమావళి తెచ్చి, లోను తిరస్కరిస్తే ముఖ్యమైన కారణాలు రాతపూర్వకంగా తెలపాలన్న నియమం పెట్టింది. కారణం, నిర్ణయం, ఇక ముందు దారి. ఈ మూడూ ఉంటే కాదన్న ఉత్తరం కూడా మనిషిని గౌరవించినట్టే. మూడో భాగం చాలామంది వదిలేస్తారు. తలుపు మూసేటప్పుడు పక్క వీధిలో ఇంకో తలుపు ఉందని చెప్పడం చెప్పేవాడి బాధ్యత.

మంచీ చెడూ కలిసిన కబుర్లలో ఇంకో చిక్కు ఉంది. కాక్కలూరు లాంటి చోట ఒక కర్మాగారం వాళ్ళు జీతాలు పెంచుతున్నారనుకుందాం. అదే నెల నుంచి తిరుత్తణి వైపు నడిపే కంపెనీ బస్సు ఆపేస్తున్నారనుకుందాం. నోటీసులో పెద్ద అక్షరాలతో జీతాల పెంపు రాసి, అడుగున చిన్న అక్షరాలతో బస్సు సంగతి రాస్తే ఏమవుతుంది? పనివాళ్ళు ముందు సంతోషిస్తారు, కింద చదివి మోసపోయామనుకుంటారు. ఆ పెంపు కూడా విలువ పోగొట్టుకుంటుంది. బస్సుకు బదులుగానే జీతం పెంచి ఉంటే, బస్సు సంగతి ముందు చెప్పి, రైలు పాసు ఖర్చుకు సరిపడా జీతం పెంచుతున్నామని తర్వాత చెప్పాలి. రెండింటికీ సంబంధమే లేకపోతే రెండు వేర్వేరు నోటీసులు పెట్టాలి. మంచి కబురును చెడ్డ కబురుకు ముసుగుగా వాడితే ఆ తర్వాత మన మంచి కబుర్లను కూడా ఎవరూ నమ్మరు.

వరసతో మోసం చేయడానికి భారతంలోనే ఒక ఉదాహరణ ఉంది. అశ్వత్థామ చనిపోయాడన్న మాట ధర్మరాజు ద్రోణుడికి గట్టిగా చెప్పి, చనిపోయింది ఏనుగు అన్న మాట వినబడీ వినబడనట్టు చివరలో అన్నాడు. మాటల్లో అబద్ధం లేదు, వరసలోనూ గొంతులోనూ ఉంది. ధర్మరాజంతటి వాడికే ఆ మచ్చ పోలేదు. షరతులు చిన్న అక్షరాలతో అడుగున పెట్టి పెద్ద అక్షరాలతో ఆఫరు రాసే ప్రతి ప్రకటనకూ ఈ కథ వర్తిస్తుంది.

మన తెలుగువాళ్ళ వ్యాపార చరిత్రలో అందరికీ తెలిసిన చెడ్డ కబురు 2009 జనవరి 7న వచ్చింది. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఆ రోజు తన బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. మనసులోని భారం గురించి ఒక మాట చెప్పి, వెంటనే అంకెల్లోకి వచ్చేశారు. 2008 సెప్టెంబరు 30 నాటి బ్యాలెన్స్ షీటులో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవన్నది అందులో మొదటి అంశం. రాతలో చూస్తే ఆ ఉత్తరం ముక్కుసూటిగానే ఉంది. కానీ ఎన్నో ఏళ్ళ పాటు మూడు నెలలకొకసారి మంచి కబుర్లే వినిపించాక వచ్చిన ఉత్తరం అది. ఆ ఒక్క రోజే షేరు ధర నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. కష్టపడి పనిచేసిన వేలాది ఉద్యోగులు రేపటి జీతం గురించి దిగులుపడ్డారు. ఉత్తరంలో చెడ్డ మాట ఎన్నో వాక్యంలో ఉందన్నదానికంటే, అది ఏ రోజున చేరిందన్నది ముందు చూడవలసిన విషయం. కాలం దాటాక ఎంత చక్కగా చెప్పినా అసలుకే మోసం.

కాలం విలువ ఈ ప్రాంత రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం నిండి నీళ్ళు వదిలితే అవి కుశస్థలి నదిలో పళ్లిపట్టు వైపు వస్తాయి. తమిళంలో కొసస్తలై ఆరు అనే ఆ నదే కిందికి పూండికి చేరుతుంది. 1944లో కట్టిన పూండి జలాశయం గేట్లు ఎత్తితే దిగువ ఊళ్ళకు హెచ్చరిక వెళ్ళాలి. ఆ హెచ్చరికలో జలాశయం సామర్థ్యం, ఇప్పటిదాకా కురిసిన వర్షపాతం ముందు చెబుతూ కూర్చుంటే ఎవరికి లాభం? ఏ ఊరివాళ్ళు, ఎన్ని గంటలలోపు, ఎక్కడికి వెళ్ళాలి అన్నది ముందు రావాలి. చెరకు రైతుకు మిల్లు నుంచి వచ్చే కబురు కూడా అలాంటిదే. గానుగ వారం ఆలస్యమవుతుందన్న మాట చెరకు నరకక ముందు తెలిస్తే అది సమాచారం. నరికి బండికెత్తాక తెలిస్తే అది నష్టం. నరికిన చెరకు ఎండలో ఉన్నకొద్దీ బరువూ తగ్గుతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది.

ముందు చెప్పిన చెడ్డ కబురు తర్వాత మారిపోతే, ఆ సంగతి కూడా అంతే సూటిగా, అంతే త్వరగా చెప్పాలి. 2021 నవంబరులో బట్టల మీద జీఎస్టీ 5 శాతం నుంచి 12 శాతానికి పెంచుతూ ప్రకటన వచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమలు కావలసింది. తీరా డిసెంబరు 31న జీఎస్టీ కౌన్సిల్ సమావేశమై ఆ పెంపును వాయిదా వేసింది. అలాంటి రోజున కొత్త ధరల పట్టిక ముందే పంపిన వర్తకుడు ఏం రాయాలి? ‘పన్ను పెరగడం లేదు, పాత ధరలే ఉంటాయి’ అన్న ఒక్క వాక్యం చాలు. దానికి ముందు ఏ ఉపోద్ఘాతమూ అక్కరలేదు.

ఈ ప్రాంతపు తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మన పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు కానీ చదువు తమిళంలో సాగడం వల్ల తెలుగు అక్షరాలు చదవలేరు. సరిహద్దు అవతలి వర్తకుడికి తమిళ అక్షరాలు రావు. అందుకని వాయిస్ మెసేజీలు ఎక్కువయ్యాయి. రాసిన మెసేజీని పైనుంచి కిందికి ఒక్క చూపులో చూడవచ్చు. గొంతుతో పంపినదాన్ని అలా చూడలేము, మొదటి నుంచి వినాల్సిందే. మూడు నిమిషాల మెసేజీలో అసలు సంగతి చివర్లో ఉంటే, మధ్యలో ఆపేసిన మనిషికి అది చేరనే చేరదు. గొంతుతో పంపేవాళ్ళు మొదటి పది సెకన్లలో ఎవరి కోసం, ఏ విషయం, ఏం చేయాలి అన్నవి చెప్పేయాలి. సంఖ్యలు, తేదీలు మాత్రం అంకెల్లో రాసి విడిగా పంపాలి. 200, జనవరి 20 అని అంకెల్లో రాస్తే తమిళమే వచ్చినవాడికీ, తెలుగే వచ్చినవాడికీ ఒకేలా అర్థమవుతుంది.

ఇంకొకటి. ఉద్యోగం పోయిందన్న మాట, ప్రమాదం జరిగిందన్న మాట, ఏళ్ళనాటి భాగస్వామ్యం ముగిస్తున్నామన్న మాట మెసేజీలో చెప్పవలసినవి కావు. ఎదురుగా వెళ్ళి చెప్పాలి. వెళ్ళలేకపోతే ఫోను చేసి చెప్పాలి. ఆ మనిషి అడిగే ప్రశ్నలకు అక్కడే ఉండి జవాబివ్వాలి. ఉత్తరం ఆ తర్వాత, ఒప్పుకున్న సంగతులు రాతలో ఉండడం కోసం.

శ్రోతలారా, మంచి కబురైతే మొదటి వాక్యంలో చెప్పండి. అవతలి మనిషి వెంటనే ఏదైనా చేయవలసిన చెడ్డ కబురైతే దాన్నీ మొదటి వాక్యంలోనే చెప్పండి. కాదనవలసి వస్తే ఒక్క వాక్యం కారణం, వెంటనే నిర్ణయం, ఆ వెంటనే ఇంకో దారి. రెండూ కలిస్తే చెడు ముందు, ఊరట తర్వాత. అన్నిటికంటే ముందు, తెలిసిన రోజే చెప్పండి. చెడ్డ కబురు చెప్పేటప్పుడు మన గొంతు తడబడితే తప్పులేదు, మన్నించమని అడిగితే చిన్నతనం కాదు. ఈ రోజు మీ దగ్గర ఎవరికీ చెప్పకుండా ఆపిపెట్టిన చెడ్డ కబురు ఏదైనా ఉంటే, దయచేసి రేపటిదాకా ఆగకండి. ఈ సాయంత్రమే ఫోను చేసి చెప్పండి.